లూయీ బ్రెయిలీ: ఆరు చుక్కల వెనుక ఉన్న బడిపంతులు

చుక్కలబడి | 4 జనవరి, ఉదయం 6:50

అంధులు వేళ్లతో తడిమి చదివే ఆరు చుక్కల లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిలీ పుట్టినరోజు ఈరోజు. పంతొమ్మిదేళ్లుగా అంధ విద్యార్థులకు పాఠాలు చెబుతున్న నాకు ప్రతి జనవరి 4న ఒక విషయం మనసులో మెదులుతూ ఉంటుంది. సభ జరుగుతుంది, పటానికి దండ వేస్తాము, ఒక విద్యార్థి లేచి "మూడేళ్ల వయసులో కంటికి గాయమైంది, పదిహేనేళ్ల వయసులో లిపిని కనిపెట్టాడు, నలభై మూడేళ్లకు మరణించాడు" అని అప్పజెబుతాడు. ఆ పదిహేనుకూ నలభై మూడుకూ మధ్య ఉన్న ఇరవై ఎనిమిదేళ్లు ఏమయ్యాయని అడిగేవారు కనబడరు.

ఆ ఏళ్లలో ఆయన పాఠాలు చెప్పాడు. 1828లో, పందొమ్మిదేళ్ల వయసులో, తాను చదివిన పారిస్ అంధ బాలల సంస్థలోనే సహాయ ఉపాధ్యాయుడిగా చేరాడు. 1833లో పూర్తి స్థాయి ఉపాధ్యాయుడయ్యాడు. వ్యాకరణం, భూగోళం, అంకగణితం, సంగీతం చెప్పాడు. ఆయన లిపిని రాజ్యం గుర్తించింది ఆయన మరణించిన తరువాతే. బతికి ఉన్నంత కాలం ఆ లిపి నిలబడింది తరగతి గదిలోనే, విద్యార్థుల వేళ్ల మీదే. అందువల్ల ఆయనను శాస్త్రజ్ఞుల వరుసలో కాక ఉపాధ్యాయుల వరుసలో నిలబెట్టి తలచుకోవాలని నా కోరిక. తెలిసినవారు తెలిసినది రాయండి.

పాతకాగితం | 4 జనవరి, ఉదయం 8:15

మంచి ప్రస్తావన తెచ్చారు. ఆయన ఉపాధ్యాయుడు కావడానికి ముందు ఆయనకు దొరికిన ఉపాధ్యాయుల గురించి కొంత చెప్పాలి.

పారిస్‌కు తూర్పున సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న కూప్‌వ్రే అనే ఊరిలో 1809లో ఆయన పుట్టాడు. తండ్రి సీమోన్ రెనే గుర్రాలకు జీనులు, తోలు సామాను చేసేవాడు. నలుగురు పిల్లలలో లూయీ చివరివాడు. తండ్రి పనిముట్టుతో ఆడుకుంటూ ఒక కన్ను గాయపరచుకున్నాడు, చీము రెండో కంటికీ పాకింది, అయిదేళ్లు వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది. ఇంతవరకు అందరికీ తెలుసు. ఎక్కువమంది దాటిపోయే సంగతి ఏమిటంటే, ఆ కుటుంబం పిల్లవాణ్ణి మూలన కూర్చోబెట్టలేదు. తండ్రి చెక్క మీద మేకులు కొట్టి అక్షరాల ఆకారాలు చేసి, వేళ్లతో తడిమించి నేర్పాడు. ఊరి మతాచార్యుడు పాలూయి ఆ బాలుణ్ణి చేరదీసి పాఠాలు చెప్పాడు. ఆయన మాట మీద ఊరి పంతులు బెషరే, చూపున్న పిల్లల మధ్యనే కూర్చోబెట్టుకుని చదివించాడు. సహిత విద్య అని మనం ఈనాడు పేరు పెట్టుకున్నది ఒక పల్లెటూరి బడిలో రెండు వందల ఏళ్ల కిందటే, పేరు లేకుండా జరిగింది.

1819 ఫిబ్రవరిలో, పదేళ్ల వయసులో, పారిస్‌లోని సంస్థకు వచ్చాడు. వాలెంతాన్ హావీ 1785లో స్థాపించిన బడి అది. ఆనాటి భవనం చెమ్మతో నిండిన పాత కట్టడం. విప్లవకాలంలో దానిని చెరసాలగా కూడా వాడారు. పిల్లలకు తరచుగా జబ్బులు చేసేవి. ఆయన ప్రాణం తీసిన క్షయకు ఆ గోడలే కారణమని చాలామంది జీవితచరిత్రకారుల అభిప్రాయం. ఆ భవనంలోనే చదువుకుని, ఆ భవనంలోనే పాఠాలు చెప్పి, చివరి ఎనిమిదేళ్లు మాత్రమే మంచి భవనాన్ని ఎరిగిన మనిషి ఆయన.

తెలుగుఅయ్యవారు | 4 జనవరి, ఉదయం 9:40

నేను పుట్టుకతో అంధుణ్ణి. చూపున్న పిల్లల ఉన్నత పాఠశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. ఈ సందేశాన్ని ఫోనులోని కంఠం సహాయంతో రాస్తున్నాను, అక్షర దోషాలు దొర్లితే మన్నించండి.

హావీ గారి పుస్తకాలలో మామూలు రోమన్ అక్షరాలే ఉబ్బెత్తుగా ఉండేవి. తడి కాగితాన్ని పెద్ద అచ్చుల మీద ఒత్తి ఆరబెట్టేవారు. కంటికి నచ్చే అక్షరాన్ని వేలికి అప్పగించారన్నమాట. వేలు అక్షరం చుట్టూ ప్రదక్షిణం చేస్తే గాని అది ఏ అక్షరమో తెలియదు. ఒక వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతాము. పుస్తకాలు బరువుగా, ఖరీదుగా, కొద్దిగా ఉండేవి. అయినా నా దృష్టిలో అసలు లోటు అది కాదు. ఆ పద్ధతిలో అంధుడు చదవగలడే గాని సులువుగా రాయలేడు.

రాయలేని మనిషి విద్యార్థి కావచ్చునేమో గాని, ఉపాధ్యాయుడు కావడం ఎంత కష్టమో ఆలోచించండి. రేపటి పాఠానికి నాలుగు ముక్కలు రాసుకోవాలి. ఎవరు ఎంతవరకు వచ్చారో గుర్తు పెట్టుకోవాలి. పిల్లవాడు రాసినది తానే తడిమి, ఇక్కడ తప్పు పోయావని చూపించాలి. ఇవన్నీ చూపున్న మరొకరి దయ మీద ఆధారపడితే అంధ ఉపాధ్యాయుడు తన తరగతిలోనే అతిథి అవుతాడు. లూయీ బ్రెయిలీ ఇచ్చినది చదివే లిపి అని అందరూ అంటారు. నేను మాత్రం రాసే లిపి అనే అంటాను.

నా అనుభవం ఒకటి. తొమ్మిదేళ్ల వయసులో స్లేటు అనే గడుల పట్టీలో కాగితం బిగించి, స్టైలస్ అనే మొనతో కుడి నుంచి ఎడమకు గుచ్చుకుంటూ, కాగితం తిప్పి, ఎడమ నుంచి కుడికి తడిమి, నేను రాసినది నేనే చదువుకున్నాను. "మా అమ్మ పేరు" అని మొదలుపెట్టిన ఒకే ఒక వాక్యం అది. అంతకుముందు నా మాటలు గాలిలో కలిసిపోయేవి. ఆ రోజు అవి కాగితం మీద నిలిచాయి. తరువాత ముప్పై ఒక్క ఏళ్ల పాటు ఎడమ చేయి పుట మీద ఉంచి పద్యం చదువుతూ, కుడి చేయి ఆడిస్తూ భావం చెబుతూ పాఠం నడిపానంటే, ఆ వాక్యం దగ్గర మొదలైన ప్రయాణమే.

లెక్కలగది | 4 జనవరి, ఉదయం 11:05

అయ్యవారూ, నమస్కారం. నేను గణితం చెబుతాను. నాకు చూపు ఉంది. మా తరగతికి ఒక అంధ విద్యార్థి వచ్చిన ఏడాది బ్రెయిలీ నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకుంటున్నకొద్దీ, దీనిని కట్టినవాడు పాఠం చెప్పే స్వభావం గలవాడని తెలిసిపోయింది.

ఒక గడిలో రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. ఎడమ వైపు పై నుంచి 1, 2, 3, కుడి వైపు 4, 5, 6. వీటితో ఖాళీ గడి కాక 63 ఆకారాలు వస్తాయి. అరవై మూడింటినీ విడివిడిగా బట్టీ పట్టమంటే ఏ పిల్లవాడైనా పారిపోతాడు. అందుకని ఆయన మొదటి పది అక్షరాలను పై నాలుగు చుక్కలలోనే సర్దాడు. తరువాతి పదికి అవే ఆకారాలను తీసుకుని మూడో చుక్క చేర్చాడు. ఆ తరువాతి వాటికి మూడో చుక్కతో పాటు ఆరో చుక్క కూడా చేర్చాడు. పది నేర్చుకుంటే మిగిలినవి వాటంతట అవే వెంట వస్తాయి.

మన తెలుగు బ్రెయిలీలో కూడా ఈ అమరిక చాలావరకు నిలిచింది. అ అంటే ఒకటో చుక్క, దానికి మూడో చుక్క చేరిస్తే క. బ కు మూడో చుక్క చేరిస్తే ల. చ కు చేరిస్తే మ, ద కు చేరిస్తే న, హ కు చేరిస్తే ర, ఇ కు చేరిస్తే స, జ కు చేరిస్తే త. ఇక క కు ఆరో చుక్క చేరిస్తే ఉ, ల కు చేరిస్తే వ, న కు చేరిస్తే య. ఇది నేను పిల్లవాడికి చెప్పినప్పుడు అతడు ఆగి, "అయితే దీనికి ఎక్కం ఉందన్నమాట" అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

అంకెలకు వేరే ఆకారాలు లేవు. ముందు 3, 4, 5, 6 చుక్కల గుర్తు పెట్టి మొదటి పది అక్షరాలనే అంకెలుగా చదువుకోవడం. కొత్త భారం మోపకుండా పాత జ్ఞానంతోనే పని జరిపించడం మంచి పంతులు లక్షణం. 1838లో ఆయన ప్రారంభ విద్యార్థుల కోసం అంకగణితం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. లిపి కనిపెట్టి ఊరుకుంటే ఆ పుస్తకం అవసరం ఏముంది? రేపు ఉదయం తరగతి ఉన్నవాడే అలాంటి పుస్తకం రాస్తాడు.

దూరతీరం | 4 జనవరి, మధ్యాహ్నం 12:30

విదేశంలో ఉంటూ ఈ చర్చను చదువుతున్నాను. ఒక అభ్యంతరం చెప్పాలి. చుక్కలతో రాయవచ్చునన్న ఆలోచన లూయీ బ్రెయిలీది కాదు. ఫిరంగి దళ అధికారిగా పనిచేసిన షార్ల్ బార్బియే అప్పటికే పన్నెండు చుక్కల పద్ధతిని తయారుచేసి, 1821 ప్రాంతంలో ఆ బడికి తెచ్చాడు. గడులున్న పట్టీ, గుచ్చే మొన కూడా ఆయన పద్ధతిలోనివే. మనం బ్రెయిలీ పటానికి దండ వేసేటప్పుడు బార్బియే పేరు కూడా తలచుకోకపోవడం న్యాయం కాదని నా భావన.

పాతకాగితం | 4 జనవరి, మధ్యాహ్నం 1:20

మీరు చెప్పినది నిజం, చెప్పవలసినదే. బ్రెయిలీ కూడా ఆ రుణాన్ని దాచలేదు. 1829లో తన పద్ధతిని వివరిస్తూ వేసిన పుస్తకంలోనే బార్బియేకు కృతజ్ఞత చెప్పాడు. అయితే తేడా ఎక్కడ ఉందో చూడాలి. బార్బియే ధ్వనులను రాశాడు. ఫ్రెంచి మాట ఎలా పలుకుతుందో అలా. వర్ణక్రమం లేదు, విరామ చిహ్నాలు లేవు, అంకెలు లేవు, సంగీతం లేదు. పన్నెండు చుక్కల గడి పొడవు కావడం చేత ఒక్క వేలి కొనకు అందదు, వేలు పైకీ కిందికీ జరగాలి. చదువు లేనివారికి ఏదో ఒక రాత త్వరగా పట్టుబడాలన్నది బార్బియే ఉద్దేశం, అది మంచి ఉద్దేశమే. కాని తమ ఇరుగుపొరుగు చూపున్న పిల్లలు నేర్చే వర్ణక్రమమే తామూ నేర్చుకోవాలని కోరుకున్న పిల్లవాడికి అది చాలలేదు. మూడేళ్ల పాటు, పగలు పాఠాలు అయిపోయాక, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, ఆ బాలుడు దానిని తగ్గించి తగ్గించి 1824 నాటికి ఆరు చుక్కలకు తెచ్చాడు. 1829 పుస్తకంలో ఇంకా కొన్ని గీతలు కూడా ఉండేవి. వేలికి అవి సరిగా తెలియడం లేదని తేలాక 1837 నాటి రెండో కూర్పులో వాటిని వదిలేశాడు. ఆ ఎనిమిదేళ్లు తరగతిలో పిల్లల వేళ్లను గమనించిన ఏళ్లని నేను అనుకుంటాను.

తెలుగుఅయ్యవారు | 4 జనవరి, మధ్యాహ్నం 3:10

బార్బియే ప్రస్తావన వచ్చింది కనుక ఒక ముచ్చట. ధ్వనిని బట్టి రాయాలన్న ఆయన ఆలోచన ఫ్రాన్సులో ఓడిపోయింది గాని, మన దేశంలో మరో రూపంలో గెలిచింది. ఒకప్పుడు మన దేశంలో ఒక్కో ప్రాంతంలో ఒక్కో బ్రెయిలీ పద్ధతి ఉండేది. 1951లో యునెస్కో చొరవతో జరిగిన సంప్రదింపుల తరువాత భారతి బ్రెయిలీ స్థిరపడింది. దాని సూత్రం ధ్వనే. తెలుగు క, హిందీ క, తమిళ క, బెంగాలీ క అన్నీ 1, 3 చుక్కలే, ఫ్రెంచి వారి కె అక్షరం కూడా అదే. కంటికి పొంతన లేని లిపులు వేలికి ఒకే లిపి అయ్యాయి. నేను హిందీ బ్రెయిలీని వేరే అక్షరమాలగా నేర్చుకోలేదు, భాష మాత్రమే నేర్చుకున్నాను.

చూపున్న మిత్రులకు తెలియని మరొక సంగతి. మా అక్షరాలకు తలకట్టు లేదు, గుడి లేదు, కొమ్ము లేదు, కింద ఒత్తు లేదు. గుణింతం కావాలంటే హల్లు పక్కన అచ్చునే రాస్తాము. "తెలుగు" అన్న మాట అచ్చులో మూడు అక్షరాలు. మాకు త, ఎ, ల, ఉ, గ, ఉ అని ఆరు గడులు. "అమ్మ" అంటే అ, పొల్లు గుర్తయిన నాలుగో చుక్క, మ, మ, నాలుగు గడులు. తరగతిలో మొదటి ఏడాది "కొమ్ము దీర్ఘం పెట్టండి" అని పిల్లలకు చెబుతూ, కొమ్ము ఆకారం ఎలా ఉంటుందో నాకే తెలియదని గ్రహించి, ఒక విద్యార్థిని చేత నా అరచేతిలో దానిని గీయించుకున్నాను. ఆ అమ్మాయి ఇప్పుడు తెలుగు ఉపాధ్యాయురాలు.

శ్రుతిపెట్టె | 4 జనవరి, సాయంత్రం 5:45

సంగీతం గురించి ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. 1829 పుస్తకం పేరులోనే మాటలు, సంగీతం, చర్చి గానం మూడూ ఉన్నాయి. ఆయన స్వయంగా మంచి ఆర్గన్ వాదకుడు. 1834 నుంచి కొన్నేళ్లు పారిస్‌లోని సెయింట్ నికొలా దే షాం చర్చిలో ఆర్గన్ వాయించాడు. ఆనాడు అంధులకు గౌరవంగా బతకగల వృత్తులలో ఆర్గన్ వాయించడం ఒకటి. విద్యార్థులకు సంగీత లిపి నేర్పడమంటే వారికి అన్నం పెట్టే విద్య నేర్పడమే.

బ్రెయిలీ సంగీత లిపి ఎలా పనిచేస్తుందో ఒక మాట. ఒకే గడిలో పై నాలుగు చుక్కలు స్వరాన్ని చెబితే, 3, 6 చుక్కలు దాని కాల ప్రమాణాన్ని చెబుతాయి. వాయించేవాడు చేతులతో చదవాలి, చేతులతోనే వాయించాలి. కనుక ఒక చేత్తో చదివి మరో చేత్తో వాయించి, ఆ తరువాత చేతులు మార్చి, రెండింటినీ కంఠస్థం చేసి కలపాలి. కంఠస్థం చేయకుండా వాయించే దారి లేదు. మన సంగీతంలో గురుముఖంగా నేర్చుకునేవారికి ఇది కొత్త కాదు. కాని గురువు లేనప్పుడు కూడా కృతిని మళ్లీ తడిమి చూసుకోగలగడం వేరే ధైర్యం. మా తాతగారి హార్మోనియం దగ్గర కూర్చుని నేర్చుకున్న ఒక అంధ గాయకుడు, గురువు పోయాక సందేహం వస్తే ఎవరిని అడగాలో తెలియక ఒక కీర్తనను పాడడమే మానుకున్నారు. ఆయనకు ఆ లిపి ఎవరూ నేర్పలేదు.

మల్లెతీగ | 4 జనవరి, రాత్రి 8:30

అందరికీ నమస్కారం. నేను ఉపాధ్యాయురాలిని కాను. మా పాపకు ఎనిమిదేళ్లు, చూపు లేదు. మొదట చేర్చిన బడిలో "ఇప్పుడు ఫోను అన్నీ చదివి వినిపిస్తుంది, బ్రెయిలీ పాత పద్ధతి, దానికి సమయం వృథా చేయకండి" అన్నారు. నేను నమ్మాను. రెండేళ్లు గడిచాయి. పాప కథలు ఎంతో బాగా చెబుతుంది. కాని మొన్న "అమ్మా, సంక్రాంతి, సంతోషం రెండింటిలోనూ సున్నా ఉంటుందా?" అని అడిగింది. నాకు గుండె ఆగినంత పనైంది. మాటలన్నీ వచ్చిన పిల్లకు ఏ మాటలో ఏ అక్షరం ఉందో తెలియదు. ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యం అయిపోయిందా? దయచేసి చెప్పండి.

చుక్కలబడి | 4 జనవరి, రాత్రి 9:25

అమ్మా, ఆలస్యం కాలేదు. ఎనిమిదేళ్లు మంచి వయసు. బ్రెయిలీ చుక్కల రాతను మొదటిసారి ముట్టుకున్నది పన్నెండేళ్లకు.

మీరు విన్న మాట కొత్తది కాదు. 1840లో ఆ సంస్థకు ద్యుఫో అనే ఆయన సంచాలకుడయ్యాడు. అంతకుముందున్న పినియే తరగతులలో చుక్కల రాతను అనుమతించాడు. ద్యుఫో దానిని పక్కన పెట్టి, బ్రిటన్‌లో వాడుతున్న ఉబ్బెత్తు రోమన్ అక్షరాలను ప్రవేశపెట్టాడు. చూపున్నవారికి తెలియని లిపి అంధులను సమాజం నుంచి వేరుచేస్తుందన్నది ఆనాటి వాదన. పాత పుస్తకాలను తగలబెట్టించాడని కూడా జీవితచరిత్రకారులు రాశారు. ఆ రోజులలో లూయీ బ్రెయిలీ అక్కడే ఉద్యోగి. క్షయ అప్పటికే మొదలయింది, మధ్య మధ్య సెలవు పెట్టి కూప్‌వ్రే వెళ్లి వస్తున్నాడు. పైఅధికారితో పోరాడే బలం గాని, పదవి గాని ఆయనకు లేవు. లిపిని కాపాడినది విద్యార్థులు. వారు రహస్యంగా రాసుకున్నారు, ఒకరికొకరు నేర్పుకున్నారు. ఉత్తర్వులతో పోగొట్టగలిగినది కాదని అధికారులే గ్రహించవలసి వచ్చింది. 1844 ఫిబ్రవరిలో కొత్త భవనం ప్రారంభోత్సవం నాడు, ఉపసంచాలకుడు గాదే సభలో ఈ పద్ధతిని బహిరంగంగా వివరించాడు. విద్యార్థుల చేత రాయించి, చదివించి చూపించారు. లూయీ సభలో కూర్చుని విన్నాడు.

ఇక వేరుచేయడం గురించి. ఆ వాదనకు కూడా ఆయన జవాబు వెతికాడు. 1839లో చుక్కలతోనే మామూలు రోమన్ అక్షరాల ఆకారం వచ్చే మరొక పద్ధతిని ప్రకటించాడు. అంధుడు రాస్తే చూపున్నవాడు కంటితో చదువుకోవచ్చు. 1841లో ఆయన మిత్రుడు ఫూకో, ఆయన కూడా అంధుడే, దాని కోసం ఒక యంత్రం తయారుచేశాడు. ఇంటికి ఉత్తరం రాయాలన్నా, అంధుడు మరొకరి చేతిని అరువు తెచ్చుకోకూడదని ఆయన పట్టుదల.

ఫోనును వదలమని నేను చెప్పను. మా విద్యార్థులు అందరూ వాడతారు. కాని వినడం వేరు, చదవడం వేరు. చూపున్న పిల్లలకు టీవీ ఉంది కదా అని ఎవరూ పలకా బలపం మాన్పించలేదు. మీ పాప అడిగిన సున్నా ప్రశ్నకు ఫోను జవాబు చెప్పవచ్చు, కాని ఆ ప్రశ్నే రాకుండా చేయగలిగేది వేలు మాత్రమే. ముందు నెల రోజులు అక్షరాలు వద్దు. పప్పులు, పూసలు, బొత్తాలు ఏరించండి, వేళ్లు మెలకువ తెచ్చుకోవాలి. తరువాత గుడ్ల అట్టపెట్టెను ఆరు గుంటలకు కత్తిరించి, గోళీలు పెట్టించి, గడి ఆకారం పట్టించండి.

తెలుగుఅయ్యవారు | 4 జనవరి, రాత్రి 10:00

అమ్మా, మరొక మాట. మీరు కూడా నేర్చుకోండి. కంటితో చూసి నేర్చుకున్నా పరవాలేదు. పిల్ల రాసినది ఇంట్లో చదివేవారు ఒక్కరైనా ఉంటే, ఆ రాతకు అర్థం ఏర్పడుతుంది. మా నాన్నగారు రైతు, ఆయనకు మామూలు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు. అయినా సెలవులలో నా దగ్గర కూర్చుని ముప్పై గడులు నేర్చుకున్నారు. హాస్టలుకు నాకు వచ్చిన మొదటి బ్రెయిలీ ఉత్తరం ఆయన రాసినదే. రెండు వాక్యాలు, నాలుగు తప్పులు.

పాతకాగితం | 5 జనవరి, ఉదయం 7:30

ఆయన మనిషిగా ఎలాంటివాడో చెప్పే సాక్ష్యం ప్రధానంగా ఒక్కచోట ఉంది. ఆయనతో పాటు చదివి, ఆయనతో పాటే ఉపాధ్యాయుడైన మిత్రుడు కోల్టా రాసిన జ్ఞాపకాలు. అందులో ఒక ఘటన నన్ను వదలదు. మరణించేముందు ఆయన ఒక చిన్న పెట్టెను చూపి, దానిని తెరవకుండా తగలబెట్టమని చెప్పాడట. మిత్రులు తెరిచి చూస్తే, అందులో విద్యార్థులు ఆయన దగ్గర చేబదులు తీసుకుని రాసిచ్చిన కాగితాలు ఉన్నాయి. ఆయన జీతమే కొద్దిపాటిది. ఎవరికీ బాకీ గుర్తు చేయకూడదని ఆ కాగితాలను తనతో పాటే పోనివ్వాలనుకున్నాడు. మిత్రులు వాటిని ఆయన కోరినట్టే కాల్చివేశారు. జబ్బు ముదిరాక కూడా ఆయన కొన్నాళ్లు సంగీత పాఠాలు కొనసాగించాడు.

1852 జనవరి 6న కన్నుమూశాడు. నలభై మూడేళ్లు నిండి రెండు రోజులు. 1854లో ఆయన పనిచేసిన సంస్థ ఆ లిపిని అధికారికంగా స్వీకరించింది. 1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సభ దానిని దేశాలన్నింటికీ సిఫారసు చేసింది. 1952లో, మరణించిన నూరేళ్లకు, ఆయన అస్థికలను ఫ్రాన్సు మహనీయుల సమాధి మందిరమైన పారిస్‌లోని పాంథియన్‌కు తరలించారు. చేతులను మాత్రం కూప్‌వ్రే శ్మశానంలోనే, ఒక పాత్రలో ఉంచారు.

లెక్కలగది | 5 జనవరి, ఉదయం 8:10

మన ప్రభుత్వం కూడా 2009లో, ఆయన ద్విశత జయంతి సందర్భంగా, రెండు రూపాయల నాణెం విడుదల చేసింది. మా విద్యార్థి దగ్గర ఒకటి ఉంది, ఖర్చు పెట్టడు.

చేతులను వేరుచేసిన సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఊరివారి ప్రేమను అర్థం చేసుకోగలను. కాని మనిషిని ఒక పనిముట్టుగా చూడడం కూడా అందులో కొంత ఉందేమో. ఆయన చేతులతో పాటు, విద్యార్థి తప్పు రాస్తే ఓపిక పట్టిన మనసు కూడా ఉంది కదా.

తెలుగుఅయ్యవారు | 5 జనవరి, ఉదయం 9:00

నేను ఒప్పుకోలేకపోతున్నాను, మాస్టారూ. మాకు చేతులు పనిముట్లు కావు, ముఖం. నన్ను పలకరించేవారిని నేను చేతి స్పర్శతోనే గుర్తుపడతాను. ఆ ఊరి మట్టిలో ఆయన చేతులు ఉన్నాయని మొదటిసారి విన్నప్పుడు, ఆయన ముఖాన్ని వారు తమ దగ్గర ఉంచుకున్నారని అనుకున్నాను. ఇద్దరి భావాలూ ఉండనిద్దాము.

మల్లెతీగ | 11 జనవరి, రాత్రి 9:15

వారం రోజులుగా మీరందరూ చెప్పినట్టే చేస్తున్నాను. పాప కందులు, పెసలు, అలసందలు ఏరుతోంది, కోళ్ల గుడ్ల అట్టలో గోళీలు సర్దుతోంది. ఇవాళ అ, బ, చ, ద నాలుగూ పట్టేసింది. నేను ఒక స్లేటు తెప్పించుకుని రాత్రిళ్లు సాధన చేస్తున్నాను. "బ్రెయిలీ" అని రాశాను, సరిగా ఉందో లేదో చూడండి అయ్యవారూ. మొదటి గడి 1, 2. రెండో గడి 4. మూడో గడి 1, 2, 3, 5. నాలుగో గడి 2, 6. అయిదో గడి 1, 3, 4, 5, 6. ఆరో గడి 2, 4. ఏడో గడి 1, 2, 3. ఎనిమిదో గడి 3, 5.

తెలుగుఅయ్యవారు | 11 జనవరి, రాత్రి 9:50

ఎనిమిది గడులు, లెక్క సరిపోయింది తల్లీ. ఒకే ఒక తప్పు ఉంది. మొదటి రెండు గడులు తారుమారయ్యాయి. అచ్చులో పొల్లు అక్షరం తరువాత కనిపిస్తుంది కనుక మీరు బ రాసి ఆ తరువాత నాలుగో చుక్క పెట్టారు. చూపున్నవారు అందరూ మొదట ఇక్కడే తప్పుతారు. బ్రెయిలీలో పొల్లు గుర్తు ముందు వస్తుంది. రాబోయే హల్లుకు అచ్చు లేదని వేలికి ముందే చెప్పాలి, లేకపోతే వేలు దానిని బ అని చదివేసి మళ్లీ వెనక్కి రావాలి. కాబట్టి మొదట 4, తరువాత 1, 2, ఆ తరువాత ర. మిగిలినదంతా సరిగా ఉంది. ఎల్లుండి పాపకు గ, హ మొదలుపెట్టండి.

మల్లెతీగ | 11 జనవరి, రాత్రి 10:20

తిరిగి రాశాను. పాప నిద్రపోయింది. కాగితం దిండు పక్కన పెట్టాను.